అరిజోనా ఎడారి తీగకు ‘తీగపాల’ అనే పేరు కుదురుతుందా?

చాండ్లర్, అరిజోనా నుంచి:
మా పెరటి గోడ అవతల ఒక వాగుంది. వాగంటే పేరుకే, వానపడ్డ నాలుగు రోజులు తప్ప ఏడాదంతా ఇసుకే. ఆ ఇసుకలో మెస్కీట్ చెట్లున్నాయి, అంటే మన సర్కారు తుమ్మకు దాయాదులు. వాటికి ఒక తీగ అల్లుకుంటుంది. ఇక్కడివాళ్లు క్లైంబింగ్ మిల్క్‌వీడ్ అంటారు. దీనికి కాకర తీగకున్నట్టు నులితీగలు లేవు, కాండమే మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. చుట్టుకోవడానికి కొమ్మ దొరక్కపోతే పక్కనున్న తన తీగనే చుట్టుకుని తాడు పేనినట్టు తయారవుతుంది. ఆకు తుంచితే పాలు, నలిపితే కంపు. తెలుపులో కాస్త గులాబీ ఛాయ ఉన్న పూలు గుత్తులుగా వస్తాయి. కాయ పగిలితే లోపల దూది. చలికి పైదంతా మాడిపోయినా అడుగు నుంచి మళ్లీ చిగురేస్తుంది.

పిల్లల తెలుగు బడికి చార్టు చేస్తున్నాం. అందులో ఈ తీగకు, మిల్క్‌వీడ్‌ను మాటకు మాట తెలుగు చేసి, ఒకరు ‘పాలకలుపు’ అని రాశారు. నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

కాకినాడ నుంచి:
పాలకలుపు వద్దు బాబూ. కలుపు అంటే పీకి గట్టుమీద పారేసేది. వాగులో తన మానాన తాను పెరిగే తీగను కలుపు అనడానికి అక్కడ చేనెక్కడుంది?

‘పాలతీగ’ బాగానే ఉంటుంది గానీ, నల్లతీగను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. నా ఓటు ‘తీగపాల’కు. తెలుగులో పాలుగారే మొక్కకు ‘పాల’ పేరు చివర వస్తుంది: కొడిశపాల, ఏడాకులపాల, సుగంధిపాల. ఇక్కడో తమాషా ఉంది. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గన్నేరు కుటుంబం నుంచి జిల్లేడు కుటుంబాన్ని వేరు చేశాడు. ఆ లెక్కన కొడిశపాల, ఏడాకులపాల గన్నేరు వైపు ఉండిపోయాయి, సుగంధిపాల జిల్లేడు వైపు వెళ్లింది. ఇప్పటి శాస్త్రజ్ఞులు ఆ రెండు కుటుంబాలనూ మళ్లీ కలిపేశారు. శాస్త్రజ్ఞులే వేరు కాపురం పెట్టించి, శాస్త్రజ్ఞులే వెనక్కి తెచ్చారన్నమాట. మన పేర్లు మాత్రం మొదటినుంచీ ఆ మూడింటినీ ఒక గూటిలోనే ఉంచాయి. చాండ్లర్ తీగది కూడా ఈ కుటుంబమే.

అనంతపురం నుంచి:
మా వైపు రాతి గుట్టల మీద తీగజెముడు ఉంటుంది మాస్టారూ. అదీ పాలు కార్చే తీగే, ఎండకు ఓర్చుకునేదే. కొత్త పేరెందుకు, అదే పెట్టేస్తే పోలా?

కాకినాడ నుంచి:
మంచి మాట పట్టారు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు మీ తీగజెముడునూ ఆ అరిజోనా తీగనూ సార్కోస్టెమ్మా అనే ఒకే ప్రజాతిలో, అంటే కుటుంబంలోని ఒకే చిన్న గుంపులో, పెట్టారు. తర్వాత అరిజోనా తీగను ఫ్యునాస్ట్రమ్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. లాటిన్‌లో ఫ్యూనిస్ అంటే తాడు. పైన ‘తాడు పేనినట్టు’ అన్నది చూడండి, పేరు పెట్టినవాడి కంటికీ అదే ఆనినట్టుంది.

అయినా ‘జెముడు’ కుదరదు. జెముడు అన్నది కుటుంబం కాదు, వాలకం. కండపట్టిన ఆకుపచ్చ కాడ ఉంటే చాలు, మనవాళ్లు జెముడు అనేస్తారు. నాగజెముడుకు పాలే లేవు, అయినా జెముడే. మీ తీగజెముడుకు ఆకులుండవు, కణుపు కణుపుగా ఒట్టి కాడలే. కాబట్టి దానికి ఆ పేరు అతికింది. అరిజోనా తీగకు నిక్షేపంలా ఆకులున్నాయి. పైగా జెముడు పాలన్నీ ఒకటి కావు. కాడజెముడు పాలు కంట్లో పడితే అంతే సంగతులు. తీగజెముడు పాలు అలాంటివి కావు, పుల్లగా ఉంటాయి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్, దారిన పోయేవాళ్లు దాహానికి ఆ లేత కొమ్మలు చప్పరిస్తారని రాశాడు. లాటిన్ పేరులో కూడా పులుపే పెట్టాడు. వేదాల్లో చెప్పిన సోమలత ఇదే అంటారు గానీ ఆ తగవు తేలేది కాదు, వదిలేద్దాం.

వరంగల్ నుంచి:
మరి పాలపండ్ల చెట్టు? దానికీ పాలే. దానికి గన్నేరుతో గానీ జిల్లేడుతో గానీ ఏ చుట్టరికమూ లేదు కదా సార్. మీ సూత్రం అక్కడ తిరగబడింది.

కాకినాడ నుంచి:
నిజమే. అక్కడ ‘పాల’ ముందుకొచ్చింది కాబట్టి తప్పించుకున్నానని వాదించొచ్చు గానీ, అది లాయరు తెలివి. ప్రతి పాల మొక్కా ఈ కుటుంబందే అని నేననను. ఈ కుటుంబంలో ‘పాల’ చివర నిలిచిన పేర్లు ఇన్ని ఉన్నాయి కాబట్టి ఇంకొకటి చేరితే చెవికి ఎబ్బెట్టుగా ఉండదు, అంతే నా వాదన.

చాండ్లర్ నుంచి:
సరే, తీగపాలే రాస్తున్నాం. ఒక్క సందేహం. దీని ఆకుల్ని క్వీన్ అనే సీతాకోకచిలుక గొంగళ్లు తినేస్తున్నాయి. పిల్లలు వాటికీ తెలుగు పేరు అడుగుతున్నారు.

కాకినాడ నుంచి:
మన జిల్లేడు మీద వాలే నారింజ రంగు సీతాకోకచిలుకకు అది దగ్గరి చుట్టమే, రెండింటిదీ ఒకే ప్రజాతి. పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని పిట్టల బారి నుంచి తప్పించుకోవడం ఈ జాతికి అలవాటు. దానికి పేరు కావాలంటే ఇంకో చర్చ మొదలుపెట్టండి, ఇక్కడే కలిపితే రెండూ చెడతాయి.