స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 1.8 టర్బో: 8000 ఆర్‌పీఎం దాకా తిప్పాలంటే ఏమేం మార్చాలె?

మియాపూర్ ఆర్ఎస్:
అన్నలకు నమస్తే. నాది 2005 ఆక్టావియా ఆర్ఎస్, 20 వాల్వుల 1.8 టర్బో. కంపెనీ ఇచ్చిన కె03 టర్బో పీకేసి కొంచెం పెద్దది పెట్టించిన, బూస్ట్ (టర్బో గాలిని నొక్కి పంపే ఒత్తిడి) 1.4 బార్. ఏడాదిల మూడు నాలుగు సార్లు చెన్నై ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి పోత, మిగతా రోజులు ఆఫీసుకి అదే బండి. ఇప్పుడు 6800 ఆర్‌పీఎం దగ్గర లిమిటర్ (ఇంజన్ అంతకన్న ఎక్కువ తిరగకుండ ఆపేది) కొడ్తున్నది. ట్యూనింగ్ చేసే దోస్తు “ఫోర్జ్‌డ్ (సాగగొట్టి గట్టిగ చేసిన) పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు వేసెయ్, లిమిటర్ 8000కి పెడ్త” అంటున్నడు. ఆ రెండు వేస్తే సరిపోతదా? ఇంజన్ మళ్ల మళ్ల విప్పే ఓపిక నాకు లేదు.

కొంపల్లి కుర్రాడు:
అమ్మేసి హోండా ఎస్2000 కొనుక్కో బ్రో. 9000 కంపెనీయే ఇచ్చింది. మన దగ్గర దొరకదు, అదొక్కటే సమస్య 😄

ఆటోనగర్ బోరింగ్:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్లో నాది బోరింగ్ షాపు. రోజూ తగలడేవి లారీ బ్లాకులే, ర్యాలీ పిల్లల బళ్లు అప్పుడప్పుడు వస్తుంటాయి.

పైన అబ్బాయి సరదాకి అన్నా ఆ మాటలో లెక్క ఉంది. ఎస్2000 స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 84 మిల్లీమీటర్లు, 9000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు దాటుతుంది. నీ స్ట్రోకు 86.4, 8000 దగ్గర 23 మీటర్లు. అంటే కాని పనేం కాదు. కాకపోతే ఆ ఇంజన్ పుట్టిందే అందుకు. నీది 5700 దగ్గర 150 హార్స్‌పవర్ ఇచ్చి ఊరుకోవడానికి పుట్టింది.

మీ దోస్తు రెండు సంగతులు కలిపేశాడు. బూస్టు రాడ్డును నొక్కుతుంది. ఆర్‌పీఎం రాడ్డును లాగుతుంది. కింద ఆర్‌పీఎంలో బూస్టు దండిగా ఎక్కితే సన్నటి రాడ్డు వంగుతుంది, దానికి ఫోర్జ్‌డ్ రాడ్డు మందు. నీ బూస్టుకి అది ఎటూ కావాలి. పై ఆర్‌పీఎంలో తెగేది బోల్టు. ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్ పైకొచ్చి వెనక్కి తిరిగేటప్పుడు వాల్వు తెరిచే ఉంటుంది, ఎదురు నిలిచే గ్యాసు ఒత్తిడి ఉండదు. పిస్టన్ను పట్టి కిందికి లాగాల్సింది రాడ్డు, ఆ రాడ్డును క్రాంకుకి పట్టి ఉంచేది రెండు బోల్టులు. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్డు పైభాగం కలిపి అరకిలో అనుకో. 6800 దగ్గర ఆ లాగుడు టన్నున్నరకి కాస్త తక్కువ. 8000 దగ్గర రెండు టన్నులు, ఒక్కో సిలిండర్లో సెకనుకి 67 సార్లు.

ఇది నేను పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. చాలా ఏళ్ల కిందట ఒక ఎస్టీమ్ ర్యాలీ ఇంజన్ కట్టాను. రాడ్లు తళతళలాడుతున్నాయని పాత బోల్టులే బిగించాను. రెండో స్టేజీలోనే బోల్టు తెగి రాడ్డు పొడిచి బ్లాకుకి పక్కన కిటికీ పడింది. తప్పు నాదే. ఆ రాడ్డు ముక్క ఇప్పటికీ మా షాపులో కాగితాలు ఎగరకుండా పెట్టే బరువు.

అందుకని బోల్టు టార్క్ రెంచి క్లిక్కుమందని వదిలెయ్యకు. బిగించకముందు పొడవు కొలువు, బిగించాక ఎంత సాగిందో డయల్ గేజ్‌తో చూడు. ఎంత సాగాలో బోల్టు డబ్బాలో కాగితం మీద ఉంటుంది. ఎప్పుడైనా విప్పితే మళ్లీ కొలువు. మొదటి పొడవు కంటే 0.025 మిల్లీమీటర్లు పెరిగిందంటే పారెయ్. ఇంకోటి, గట్టి బోల్టు వేస్తే బిగ్ ఎండ్, అంటే రాడ్డు క్రాంకును పట్టే రంధ్రం, గుండ్రం మారుతుంది. బేరింగు లేకుండా కొత్త బోల్టులు బిగించి బోర్ గేజ్‌తో చూశాకే బేరింగు సంగతి. నీ క్రాంక్ పిన్ను 48 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, దానికీ బేరింగుకీ మధ్య సందు 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే నేను నిద్రపోగలను. క్రాంకుని ఫ్లైవీలు, క్లచ్ ప్రెజర్ ప్లేటుతో కలిపి బ్యాలెన్స్ చేయించు.

ఇక హెడ్డు. దీన్ని అందరూ మర్చిపోతారు. ఇన్‌టేక్ వాల్వు తల 27 మిల్లీమీటర్లు. 1.4 బార్ బూస్టు వెనకనుంచి దాన్ని ఎనిమిది కిలోల బరువుతో తెరవాలని చూస్తుంది. స్ప్రింగు అది కూడా ఓర్చుకోవాలి. ఓర్చుకోకపోతే వాల్వు దాన్ని తెరిచే క్యామ్ మీంచి ఎగురుతుంది, దొరికిన సందులోకి హైడ్రాలిక్ ట్యాపెట్ (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య సందును ఆయిల్‌తో పూడ్చేది) ఉబ్బుతుంది, ఆపైన వాల్వు పూర్తిగా మూసుకోదు. గట్టి స్ప్రింగులు లేకుండా 7200 దాటొద్దు.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో అడ్డుపలకలు పెట్టించు. చెన్నై ట్రాక్ మొదటి కుడి మలుపు పొడుగు, వేగం ఎక్కువ. ఆయిలంతా ఒక పక్కకి పోయి పికప్ (ఆయిల్ పీల్చే గొట్టం) గాలి పీల్చిందంటే రెండు సెకన్లు చాలు, బేరింగు పోతుంది. ఆయిల్ ప్రెజర్ తగ్గితే ఇంజన్ ఆపేసే సెన్సరు కూడా ఇంజన్ కంప్యూటరు ఈసీయూకి కలిపించు.

ఇంతకీ డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం ఉందా? పవర్ ఎక్కడ పడిపోతోంది?

మియాపూర్ ఆర్ఎస్:
ఉంది అన్నా. 6300 దగ్గర పీక్, 6800కి బాగనే పడుతున్నది.

ఆటోనగర్ బోరింగ్:
మరింకేం తమ్ముడూ, గాలి 6300కే అయిపోతుంటే 8000లో తిరిగేది శబ్దమే. ముందు క్యామ్‌లు, ఇన్‌టేక్, టర్బో ఎగ్జాస్ట్ హౌసింగ్ చూడు. పైన పవర్ నిలిస్తే లాభం నిజమే. 300 హార్స్‌పవర్ 5000 దగ్గర కావాలంటే 420 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, అదే 7500 దగ్గర 280 చాలు. గేర్‌బాక్సూ బతుకుతుంది.

గట్టి స్ప్రింగులు వేశాక లిమిటర్ 7500, నువ్వు గేరు మార్చేది 7300. పై గేరు నుంచి మూడు వేయబోయి ఒకటి వేశావనుకో, చక్రాలే ఇంజన్ను తిప్పేస్తాయి, అక్కడ ఏ లిమిటరూ కాపాడదు.

మియాపూర్ ఆర్ఎస్:
ఆ పని ఒకసారి చేసిన అన్నా, పోయిన జనవరిల. మీటర్ ముల్లు ఎక్కడిదాక పోయిందో చూడలే.

ఆటోనగర్ బోరింగ్:
అయితే లిమిటర్ మాట తర్వాత. ముందు కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి ఎంతొస్తోందో), లీక్‌డౌన్ (గాలి ఎంత కారిపోతోందో) రెండు పరీక్షలూ చూసి నాలుగు సిలిండర్ల అంకెలు ఇక్కడ పెట్టు.