"ఇంకు ఇంకింది" అంటే జరగాల్సిందా, జరగకూడనిదా?

ప్రశ్న:
ఇంటి ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో ఇంకు నింపుకునే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. ఒకచోట "ఇంకు ఇంకేదాకా కదపకండి" అని వచ్చింది. ఇంకోచోట, వాడకుండా వదిలేసిన కార్ట్రిడ్జ్ గురించి "ఇంకు ఇంకిపోయి ఉంటుంది" అని వచ్చింది. మొదటిది జరగాలి, రెండోది జరగకూడదు. రెండింటికీ ఒకే క్రియ సరిపోతుందా? పైగా ఇంగ్లీషు ఇంకుకీ మన ఇంకడానికీ చుట్టరికం ఏమైనా ఉందా అండీ?

జవాబు:
చుట్టరికం లేదమ్మా. ఇంగ్లీషు మాట గ్రీకు "ఎన్‌కౌస్టోన్" నుంచి లాటిన్, పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. కాల్చి అద్దినది అని దాని మొదటి అర్థం. మన ఇంకు క్రియ ద్రావిడ మాట. కన్నడంలో ఇంగు అంటారు. ఇంకుడు గుంతలో ఉన్నది ఇదే. రెండూ ఒకేలా వినబడటం కాకతాళీయం.

అర్థం మాత్రం నిజంగానే రెండు వైపులా పోతుంది. నేలవైపు నుంచి చూస్తే నీరు ఇంకడం అంటే లోపలికి చేరడం. చెరువువైపు నుంచి చూస్తే అదే ఇంకడం ఎండిపోవడం. అందుకని ఎక్కడికి ఇంకాలో చెప్పేస్తే చాలు: "స్పాంజిలోకి ఇంకేదాకా". రెండోచోట ఇంకడం వద్దు, "ఇగిరిపోవడం" వాడండి. తడి ఆవిరై చిక్కటిది మిగలడాన్ని చెప్పే మాట అది.

జవాబు:
ఇగిరిపోవడం భేషైన మాట. నాజిల్ దగ్గర, అంటే ఇంకు బొట్లుగా బయటికి వచ్చే సన్నని రంధ్రం దగ్గర జరిగేది అచ్చంగా అదే. ఇంకులో ఎక్కువ భాగం నీరే. అది ఆవిరైపోతే రంగు, జిగురు మిగిలి వెంట్రుక కన్నా సన్నని రంధ్రాన్ని పట్టేస్తాయి.

"స్పాంజిలోకి" అన్న సవరణ వ్యాకరణం కోసమే కాదు, పని కోసం కూడా అవసరం. కాగితం మీద ఇంకు చిమ్మే భాగం, అంటే హెడ్, కార్ట్రిడ్జ్‌కే అతికి ఉండే రకంలో లోపల స్పాంజి ఉంటుంది. చిన్న నలుపు కార్ట్రిడ్జ్‌కి 4 నుంచి 5 మిల్లీలీటర్లు, మూడు రంగులదానికి ఒక్కో గదికి 1.5 నుంచి 2 మిల్లీలీటర్లు పడుతుంది. సూదిని స్పాంజి అడుగుకు దగ్గరగా దించి, నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున వదలాలి. తొందరపడితే ఇంకు పైన నిలిచి, కింద గాలి చిక్కుకుంటుంది. పైన నింపే రంధ్రం దగ్గర ఇంకు పైకి ఊరిందంటే స్పాంజి నిండినట్టే. అక్కడే ఆపి, అర మిల్లీలీటరు వెనక్కి లాగేయాలి. లాగకపోతే స్పాంజికి ఆపుకునే శక్తి చాలక నాజిల్ నుంచి కారుతుంది. ఆ తర్వాత నాజిల్ కిందికి ఉండేలా, మడిచిన టిష్యూ మీద కాసేపు నిలబెట్టాలి.

ప్రశ్న:
ధన్యవాదాలు. మరి నింపాక కూడా అచ్చు పడకపోతే? "ఇంకు గడ్డకట్టింది" అని రాశాను. అందరూ అనేది "ఇంకు రావట్లేదు" అనే.

జవాబు:
ఆ "రావట్లేదు" ఒక్కటే నాలుగు జబ్బుల మీద కప్పిన దుప్పటి. నాజిల్ చెక్ పేజీని, అంటే ప్రింటర్ తనను పరీక్షించుకోవడానికి గీతలు వేసే పేజీని, వరసగా రెండుసార్లు తీసి పక్కపక్కన పెట్టి చూడమనండి. గీతలో తెగిన చోటు రెండు కాగితాల మీదా ఒకటే అయితే నాజిల్ "పూడుకుపోయింది". తెగే చోటు మారుతూ ఉంటే లోపల "గాలి పట్టింది", మోటారు పంపుకి పట్టినట్టే. పేజీ పైభాగం ముదురుగా మొదలై కిందికి వచ్చేసరికి వెలిసిపోతే కార్ట్రిడ్జ్‌కి "ఊపిరాడటం లేదు". అంటే మూత మీది గాలి రంధ్రాన్ని టేపు గానీ ఎండిన ఇంకు గానీ మూసేసింది. బయటి గాలి లోపలికి రాక, ఇంకు కిందికి దిగదు. ఒక్కసారిగా అసలేమీ పడకపోతే రాగి కాంటాక్టులు చూడాలి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడవాలి.

పూడుకుపోయినదానికి మందు: డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చేసి టిష్యూ తడిపి, దాని మీద నాజిల్‌ని రెండు మూడు నిమిషాలు ఆనించాలి. రుద్దకూడదు, అద్దాలి. ఇక్కడ క్రియ తప్పు రాస్తే కార్ట్రిడ్జ్ పోతుంది! తర్వాత పొడి టిష్యూ మీద అద్దితే మూడు రంగుల కార్ట్రిడ్జ్ మూడు చారలు విడివిడిగా వేయాలి. ఒక చార లేకపోతే ఆ గది ఖాళీ, లేదా ఇంకా పూడికే. పసుపు చార ఆకుపచ్చగా వస్తే నీలం కలిసిందన్నమాట. నింపే ముందే ఒక్కో రంధ్రంలో పళ్లపుల్ల దింపి, ఏ గదిలో ఏ రంగు ఉందో చూసుకుంటే ఈ బాధ ఉండదు.

గాలి పట్టినదానికి తడి టిష్యూ పనిచేయదు. నాజిల్ కిందికి పెట్టి కొన్ని గంటలు వదిలేయాలి, లేదా సిరంజితో నాజిల్ వైపు నుంచి మెల్లగా లాగాలి. హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మి హెడ్‌ని ప్రింటరే శుభ్రం చేసుకోవడం) రెండు మూడుసార్లు మించి వరసగా నడపవద్దు. అందులో పోయే ఇంకంతా వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి చేరి అది నిండుతుంది. వేడితో బొట్టును నెట్టే హెడ్ అయితే మరో ప్రమాదం. దాన్ని చల్లబరిచేది ఇంకే కాబట్టి, ఖాళీగా నడిపితే కాలిపోతుంది.

జవాబు:
గడ్డకట్టడాన్ని పారేయకండి, దానికీ చోటుంది. చాలా ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు, రంగులు డై ఇంకు. డై నీటిలో కరుగుతుంది. పిగ్మెంట్ కరగదు, సన్నని రేణువులుగా తేలుతుంది. నలుపు పిగ్మెంట్ అంటే కార్బన్ బ్లాక్, అంటే మసి. సంస్కృతంలో సిరాని మషి అంటారు. మన "మసి" దానికి తోబుట్టువు. పిగ్మెంట్ ఇంకుకు "మసి ఇంకు" అని పెడితే చదివేవాడికి వెంటనే తడుతుంది. అందులో డై ఇంకు పోస్తే రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టవచ్చు. అప్పుడు "గడ్డకట్టింది" సరైన మాట. అది తడి టిష్యూకి లొంగదు.

ప్రశ్న:
చివరిగా ఒకటి. నింపిన తర్వాత కూడా తెర మీద "ఇంకు అయిపోయింది" అనే వస్తుంది కదా?

జవాబు:
"అయిపోయింది" కాదు, "అయిపోయినట్టు చూపిస్తుంది" అని రాయండి. ఈ రకం కార్ట్రిడ్జ్‌లో ప్రింటర్ ఇంకును కొలవదు, వదిలిన బొట్లను లెక్కపెడుతుంది. కొత్తగా పోసింది ఆ లెక్కలోకి రాదు. కొన్ని ప్రింటర్లు సరే నొక్కితే ముందుకు పోతాయి. కొన్నింటిలో స్టాప్ బటన్ అయిదారు సెకన్లు నొక్కి ఉంచితే హెచ్చరిక ఆగుతుంది. ఆ తర్వాత మట్టం చూపించడం మానేస్తుంది కాబట్టి, అచ్చు వెలిసే తొలి గుర్తుకే ఆపి నింపుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇలా మార్చాను: "ఇంకు స్పాంజిలోకి ఇంకేదాకా కదపకండి. వాడకుండా వదిలేస్తే నాజిల్ దగ్గర ఇంకు ఇగిరి, రంధ్రాలు పూడుకుపోతాయి. తడి టిష్యూతో అద్దండి, రుద్దకండి. మసి ఇంకులో రంగు ఇంకు కలపకండి, గడ్డకడుతుంది. గాలి రంధ్రం మీద టేపు ఉంచకండి."

జవాబు:
"గాలి రంధ్రం మీద టేపు ఉంచకండి" అన్నది మొదట పెట్టండమ్మా. నింపగానే మరిచిపోయేది అదే.