ఎంఎస్ అని రాసి వదిలేస్తే సరిపోతుందా, పూర్తిపేరు రాయాల్సిందేనా?

నిద్రలేనోడు: మా అత్తయ్య రిపోర్టులో ఎంఎస్ అని ఉంది, నెట్‌లో వెతికితే మల్టిపుల్ స్క్లీరోసిస్ అనొచ్చింది, నరాల మీది పొర దెబ్బతినే జబ్బు, రాత్రంతా కూర్చుని అదే చదివా. తెల్లారి డాక్టర్‌ని అడిగితే మైట్రల్ స్టెనోసిస్ అట, గుండెలో ఎడమ వైపు కవాటం ఇరుకవ్వడం. ఈ పొట్టి పేర్లు మానేయాలండీ, అంతే.

ఇనుపగుగ్గిలం: అది ఎకో రిపోర్టేగా? ఎకో అంటేనే గుండె పరీక్ష, ఇక నరాలెక్కడివి బాబూ. నేను రోజూ ఎంఎస్ పైపు, ఎంఎస్ ప్లేటు అంటుంటా, మైల్డ్ స్టీల్ అని ఎవరూ విడమర్చి అడగరు. సందర్భం చూస్కోవాలి.

నిద్రలేనోడు: ఎకో అంటే గుండె అని మీకు తెలుసు, నాకు ఆ రోజు తెలీదు.

నైట్‌డ్యూటీ: సందర్భం అంటున్నారు కదా, ఇది వినండి. మందుల చీటీలో ఎంఎస్ అంటే మార్ఫిన్ సల్ఫేటా మెగ్నీషియం సల్ఫేటా? ఒకటి తీవ్రమైన నొప్పికి, ఇంకోటి గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే ఇచ్చేది. రాసేదీ వైద్యులే, చదివేదీ మేమే, వార్డు కూడా ఒకటే, అయినా పొరబాటుకి చోటుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో వాడకూడని పొట్టి రాతల జాబితాలో దీన్ని పెట్టింది.

ఇనుపగుగ్గిలం: సరే, మందుల దగ్గర ఒప్పుకున్నా. దానికోసం లోకమంతా మార్చాలా?

పీక్‌చూసేవాడు: మా ల్యాబ్‌లో ఎంఎస్ అంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ, అణువుల బరువుని బట్టి పదార్థాన్ని పట్టుకోవడం. రెండు దశల్లో చేస్తే ఎంఎస్ ఎంఎస్ అంటాం, నవ్వకండి. అదే మెషీన్‌లో టైమ్ సెట్టింగ్ మిల్లీసెకన్లలో ఉంటుంది, అదీ ఎంఎస్సే! ఇంగ్లీషులో ఒకటి పెద్దక్షరాలు ఇంకోటి చిన్నక్షరాలు కాబట్టి బతికిపోతున్నాం. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా పోయింది చూడండి. మిల్లీసీమెన్స్, మెగాసీమెన్స్ అని విద్యుత్ వాహకత కొలతలు రెండున్నాయి, మొదటి అక్షరం సైజు ఒక్కటే తేడా, విలువలో మాత్రం వంద కోట్ల రెట్లు. రెండూ మనకి ఎంఎస్సే.

నిద్రలేనోడు: అబ్బో, ఇది నాకు తట్టనేలేదు. అయితే తెలుగులో రాసేవాళ్లకి ఇంకా ఎక్కువ అవసరం అన్నమాట.

ఇనుపగుగ్గిలం: మొదటిసారి పూర్తిగా రాసి తర్వాత పొట్టిగా వాడండి, పరిశోధన పత్రాల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. పైపులకి మాత్రం నేను రాయను.

నైట్‌డ్యూటీ: మందులకి రెండోసారి కూడా వద్దు. చీటీలో చదివేది ఆ ఒక్క లైనే, పై పేజీ ఎవరూ తిప్పరు.

నిద్రలేనోడు: రిపోర్టుల్లో కూడా అంతే అండీ, నేను చివరి లైనే చదివా.