గూగుల్ ఎర్త్‌లో నేల ఉష్ణోగ్రత పొర అంచుల్లో లోపలికి ఎందుకు జరిగిపోతోంది?

ఒడిశాలోని గుణుపురం దగ్గర వంశధార లోయకు మోడిస్ (నాసా ఉపగ్రహాల్లోని సెన్సర్) ఎనిమిది రోజుల నేల ఉష్ణోగ్రత డేటా వాడుతున్నాం, టైల్ (డేటాను ముక్కలు చేసిన పెద్ద చదరం) హెచ్25వీ07. ప్రతి గడి విలువను 0.02తో గుణించి కెల్విన్‌లోకి తెచ్చి, సెల్సియస్ కోసం 273.15 తీసేశాం. 0 ఉన్నచోట డేటా లేనట్టే, ఎక్కువగా మబ్బు వల్ల. ఆ గడులను పారదర్శకం చేశాం. లేకపోతే లోయంతా మైనస్ 273 డిగ్రీలే! మోడిస్ వాడే సైనుసాయిడల్ మ్యాప్ ప్రొజెక్షన్ నుంచి డబ్ల్యూజీఎస్84 అక్షాంశ రేఖాంశాలకి నియరెస్ట్ నైబర్‌తో (దగ్గరి గడి విలువనే తీసుకునే పద్ధతి) మార్చి, పీఎన్‌జీ బొమ్మను కేఎంఎల్‌లో (గూగుల్ ఎర్త్ చదివే ఫైల్) పెట్టాం.

పొర మధ్యలో నది సరిగ్గానే కూర్చుంది. నాలుగు అంచుల్లో మాత్రం దాదాపు అర కిలోమీటరు లోపలికి ముడుచుకుంది. లాట్‌లాన్‌బాక్స్‌లో (బొమ్మ నాలుగు హద్దులు చెప్పే కేఎంఎల్ భాగం) చివరి గడుల మధ్యబిందువులు ఇచ్చాం. తప్పు అక్కడేనా, గడి బయటి అంచులు ఇవ్వాలా?

ఇంకోటి: టైమ్‌స్పాన్‌లో (పొర ఎప్పటి నుంచి ఎప్పటిదాకా కనబడాలో చెప్పే కేఎంఎల్ భాగం) ముగింపు తేదీ వదిలేస్తే పాత వారాల పొరలు కిందే ఉండిపోతున్నాయి. తర్వాతి పొర మొదలయ్యే తేదీనే ముగింపుగా పెడితే ఆ రోజు రెండూ కలిసి కనబడవా? చేసి చూసినవాళ్లు చెప్పండి.