కేస్ షీట్‌లో ప్రతిసారీ శ్వాస 20: నాన్నగారి పరిస్థితి దిగజారడం ముందుగా తెలిసేదా?

ప్రశ్న (లంకవాసి)

అందరికీ నమస్కారం. మాది అమలాపురానికి దగ్గరలోని ఒక లంక గ్రామం. 71 ఏళ్ల మా నాన్నగారిని జ్వరం, దగ్గుతో పట్టణంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాము. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చెప్పి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడో రోజు రాత్రికి జ్వరం తగ్గడంతో మేము కుదుటపడ్డాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు బి.పి. చూసిన సిస్టర్ పరుగున వెళ్లి డ్యూటీ డాక్టరుగారిని లేపారు. ఉన్నట్టుండి పడిపోయిందంటూ అప్పటికప్పుడు అంబులెన్సు ఎక్కించారు. ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ చేరేసరికి గంటన్నర పట్టింది. తొమ్మిది రోజులు ఐ.సి.యు.లో ఉండి, దేవుడి దయవల్ల ఇంటికి వచ్చారు.

తరువాత కేస్ షీట్ నకలు తీసుకుని చూశాను. ఆ రాత్రి పది గంటల వరుసలో టెంపరేచర్ 99.4, పల్స్ 94, బి.పి. 108/70, ఆక్సిజన్ పెట్టకుండా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94, శ్వాస నిమిషానికి 20 అని ఉంది. చేరినప్పటి నుంచి ఆ రాత్రి వరకు శ్వాస గడిలో ప్రతిసారీ 20 అనే రాశారు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రే నాన్నగారు నన్ను ఎప్పుడో పోయిన మా పెదనాన్నగారి పేరుతో పిలిచి, దాళ్వా నారుమడికి నీళ్లు పెట్టావా అని అడిగారు. నిద్రమత్తులో పలవరిస్తున్నారనుకుని ఊరుకున్నాను.

ఎవరినీ తప్పుపట్టడానికి అడగడం లేదు. ఇది నిజంగా ఉన్నట్టుండి జరిగినదేనా, లేక ఈ అంకెల్లోనే ముందుగా కనిపించవలసినది ఏదైనా ఉందా?

జవాబు 1 (వార్డు సిస్టర్)

మెడికల్ వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ 20 గురించి చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. పల్స్, బి.పి., సాచురేషన్ చెప్పడానికి మిషన్లు ఉన్నాయి. మామూలు వార్డులో శ్వాసను లెక్కపెట్టే మిషన్ ఉండదు, మంచం పక్కన నిలబడి పూర్తిగా ఒక నిమిషం రొమ్మును చూస్తూ లెక్కపెట్టాలి. రాత్రి డ్యూటీలో ముప్పై మంచాలకు ఒకే సిస్టర్ ఉంటే ఆ ఒక్క గడికే అరగంట కావాలి. అందుకని చేయి అలవాటుగా 18 అనో 20 అనో రాసేస్తుంది. ఇది మీ ఆస్పత్రి ఒక్కదాని జాడ్యం కాదు.

లెక్కపెట్టడం మీకూ వస్తుంది. చూస్తున్నామని మనిషికి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది కనుక, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పొట్ట లేచి దిగడాన్ని గడియారంతో ఒక నిమిషం లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి 12 నుంచి 20 వరకు మామూలు. 21కి చేరితే ఒక కన్నేసి ఉంచాలి. 25 చేరితే సిస్టర్‌ను పిలవడానికి మొహమాటపడకూడదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే అంకె కోసం ఆగనక్కరలేదు. సాచురేషన్ 94 ఉందిగదా అని ధైర్యపడకండి. ఒక్కొక్కసారి ఆ 94 నిలబడేది మనిషి గబగబా ఊపిరి తీసి కష్టపడుతున్నందువల్లనే.

జవాబు 2 (జనరల్ ఫిజీషియన్)

సిస్టర్‌గారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో, రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందుగా పసిగట్టడానికి ‘న్యూస్’ అనే స్కోరును ప్రవేశపెట్టి 2017లో సవరించింది. శ్వాస, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బి.పి., పల్స్, స్పృహ, టెంపరేచర్ అనే ఏడింటిలో ఒక్కొక్కదానికి అది మామూలు నుంచి ఎంత తప్పిందో చూసి 0 నుంచి 3 వరకు పాయింట్లు వేసి (ఆక్సిజన్ పెట్టి ఉంటే 2) కూడతారు. మీరు రాసిన పది గంటల వరుసకు పల్స్ 94కు 1, బి.పి. 108కి 1, సాచురేషన్ 94కు 1, మిగతావాటికి సున్నా, మొత్తం 3. ఆ స్కోరుకు నాలుగు నుంచి ఆరు గంటల్లోపు మళ్లీ చూడమని ఉంది. కాగితం ప్రకారం నాలుగింటికి చూడటంలో తప్పు లేదు, బాధ కలిగించేది కూడా అదే.

అయితే పెదనాన్నగారి పేరుతో పిలవడాన్ని నేను నిద్రమత్తుగా తీసుకోను. ముందు లేని తికమక కొత్తగా కనిపిస్తే దానికి 3 పాయింట్లు ఇవ్వాలన్నది 2017 సవరణలో చేరిన ముఖ్యమైన మార్పు. ఆ గడి ఒక్కటి నింపితే మొత్తం 6 అవుతుంది. 5కి చేరితే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి, కనీసం గంటకొకసారి అంకెలు తీయాలి. వార్డులో ఆ తేడాను కనిపెట్టగలిగేది సాధారణంగా ఇంటివాళ్లే, ఎందుకంటే మీ నాన్నగారు మామూలుగా ఎలా మాట్లాడతారో మాకు తెలియదు.

స్కోరుకు తెలియని సంగతులు కూడా ఉన్నాయి. ఎప్పుడూ 150 ఉండే మనిషికి 108 అంటే చాలా పడిపోయినట్టే, కానీ పట్టికలో దానికి పడేది ఒక్క పాయింటే. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు పల్స్‌ను పెరగనివ్వవు. పెద్దవయసులో ఇన్ఫెక్షన్ ముదురుతున్నా జ్వరం రాకపోవచ్చు. డెంగీలోనైతే జ్వరం తగ్గే సమయమే గండం; అప్పుడు పై బి.పి. కన్నా పైకీ కిందికీ మధ్య తేడా ఎంత తగ్గుతోందో చూడాలి, అది 20కి దిగితే ప్రమాదం. నాన్నగారు బి.పి.కి ఏ మాత్ర వాడతారు?

జవాబు 3 (చిన్న ఆస్పత్రి డ్యూటీ డాక్టరు)

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. ఆ పట్టిక 7కి చేరితే అత్యవసర బృందాన్ని పిలవమంటుంది. కోనసీమలోని ఇరవై మంచాల ఆస్పత్రిలో బృందమంటే నేనూ, ఒక సిస్టరూ, అంబులెన్సు డ్రైవరూ. కాకినాడకో రాజమండ్రికో పంపడానికి పట్టే సమయాన్ని కూడా ఆ అంకెలో కలుపుకోవాలి కాబట్టి నేను 5 దగ్గరే ఫోన్లు మొదలుపెడతాను. దానివల్ల అనవసరంగా పంపిన కేసులూ ఉన్నాయి. ముఖ్యంగా చుట్ట తాగి ఊపిరితిత్తులు పాడైన ముసలివాళ్లకు సాచురేషన్ ఎప్పుడూ 90 దగ్గరే ఉంటుంది, మామూలు పట్టికతో చూస్తే వాళ్లు రోజూ సీరియస్ కేసులే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నదని తేలినవారికి 88–92 లక్ష్యంగా వేరే పట్టిక ఉంది, దానిని వాడాలి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (లంకవాసి)

డాక్టరుగారూ, నాన్నగారు ఆరేళ్లుగా అటెనొలాల్ 50 వాడుతున్నారు. ఇంటి దగ్గర బి.పి. ఎప్పుడూ 150కి తగ్గదు.

సిస్టర్‌గారి జవాబు చదివాక ఫోను తీశాను. ఆ రాత్రి 10.40కి నాన్నగారు పడుకుని ఉండగా, హైదరాబాదులో ఉన్న అక్కకు ఒక నిమిషం పది సెకన్ల వీడియో పంపాను. గళ్ల దుప్పటి లేచి దిగడం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. మొదటి నిమిషం వరకు మూడుసార్లు లెక్కపెట్టాను. 30, 31, 30 వచ్చాయి. పట్టిక తీసి చూస్తే 25, ఆపైన దానికి 3 పాయింట్లు. మీరు చెప్పిన 6తో కలిపితే 9. వీడియో కింద అక్కకు నేను రాసిన మాట: ‘జ్వరం తగ్గింది, హాయిగా నిద్రపోతున్నారు, కంగారుపడకు.’