ఆయిల్ పంపులో చూసేది సందా, ఆటా?

పోస్ట్:
ఐటీఐ డీజిల్ మెకానిక్ పిల్లల కోసం ఇంజన్ ఆయిల్ పంపు విప్పి సరిచూసే పాఠం తెలుగులో రాస్తున్నా, "క్లియరెన్స్" (రెండు భాగాల మధ్య వదిలే ఖాళీ) అనే మాటకి తెలుగు దొరక్క ఆగిపోయా. రోటర్ పంపు గురించి, అంటే లోపల 4 లోబుల (ఉబ్బుల) రోటర్, దాని చుట్టూ 5 గుంటల రోటర్, రెండూ కలిసి తిరిగేది. కొలవాల్సిన చోట్లు మూడు: రెండు రోటర్ల కొనల మధ్య, బయటి రోటర్‌కీ బాడీకీ మధ్య, రోటర్ల పైమొహానికీ మూతకీ మధ్య. ఒకరు "వెసులుబాటు" పెట్టమన్నారు, కానీ అది ఫీజు కట్టడానికి గడువిచ్చినప్పుడు వాడే మాట కదా. విజయవాడ ఆటోనగర్‌లో "ఆట" అనగా విన్నా, మా ఊళ్లో "సందు" అంటారు. ఏది పెడదాం?

కామెంట్:
మాస్టారూ, రెండూ పెట్టండి, రెండూ ఒకటి కాదు. ఫీలర్ గేజ్ బ్లేడుతో, అంటే మందం తెలిసిన సన్నటి రేకుతో కొలిచేది సందు, చేతికి తెలిసేది ఆట. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదిలిందనుకోండి అది ఆట, దానికి నంబరు చెప్పాలంటే డయల్ గేజ్ (కదలికని ముల్లుతో చూపించే కొలత పరికరం) కావాలి. బాడీ మొహం శుభ్రంగా తుడిచి, స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని అంచున్న ఇనప బద్ద) అడ్డంగా పెట్టి, దాని కిందకీ రోటర్ మీదకీ మధ్య ఫీలర్ దూర్చి చూస్తాం, అది సందు. బ్లేడు ఎలా వెళ్లాలంటే పట్టీ పట్టనట్టు వెళ్లాలి, ఈ మాట మాత్రం పాఠంలో తప్పకుండా రాయండి, "కొంచెం ఘర్షణతో జారవలెను" అని రాస్తే పిల్లాడి చేతికి ఏమీ అందదు.

కామెంట్:
"ఆట" ఇంగ్లీషు "ప్లే"కి మక్కీకి మక్కీ తర్జుమా కాదా?

రిప్లై:
నాకలా అనిపించదు. గాలి ఆడుతుంది, ఊపిరి ఆడదు, భయమేస్తే కాళ్లూ చేతులూ ఆడవు, గానుగ ఆడిస్తాం, కదలడానికి చోటున్న ప్రతి దగ్గరా మనకి ఈ "ఆడు" ముందునుంచీ ఉంది. మెకానిక్ ఎవర్నీ అడక్కుండానే దాన్ని బేరింగ్‌కి కూడా వాడుకున్నాడు. "సందు" సంగతి ఇంకా బాగుంటుంది, సంస్కృతం "సంధి" నుంచే వచ్చింది, అక్కడ అతుకు, మన దగ్గర రెండిటి మధ్య ఖాళీ.

కామెంట్:
మా దిక్కు షెడ్లల్ల గ్యాప్ అనే అంటరు అన్నా, ఫీలర్ గేజ్‌ని గూడ ఫిల్లర్ అంటరు, గ్యాప్ నింపి చూస్తది కాబట్టి అదే కరెక్ట్ అనుకుంటరు. పేరు ఏదన్న పెట్టున్రి గనీ మూడిట్ల మూత దగ్గరిది ముఖ్యమని రాయున్రి. సన్నటి సందు రెండింతలైతే దాంట్లకెళ్లి వెనక్కి జారే ఆయిల్ ఎనిమిదింతలైతది. ఇంజన్ చల్లగున్నప్పుడు ఆయిల్ చిక్కగుంటది, ప్రెజర్ మంచిగనే చూపిస్తది, వేడైనంక ఐడిలింగ్‌ల పడిపోతది. మెయిన్ బేరింగ్‌లు (క్రాంక్ షాఫ్టు తిరిగేటియి) అరిగినా గిదే కథ, అందుకే ఒట్టిగ పంపు మార్చుడు గాదు, కొలిచి చూడాలె. మూత లోపటి దిక్కు గీతలు పడ్డదో లేదో గూడ చూడాలె, రోటర్లు కొత్తయి ఏసి అరిగిన మూత పెడితే ఏం ఫాయిదా లేదు.

పోస్ట్ పెట్టినవారు:
అందరికీ థాంక్స్. అయితే ఇలా పెడుతున్నా: కొన సందు, బాడీ సందు, మూత సందు. షాఫ్టుకి ఆట. అరిగిపోయి పెరిగినదానికి విడిగా అరుగుదల, ఎందుకంటే సందు కంపెనీ కావాలని వదిలింది, అరుగుదల మనం వాడి తెచ్చింది, ఈ రెండూ కలిపేస్తే పిల్లాడు ఏ సందు చూసినా పార్టు పోయిందనుకుంటాడు. అంకెలు మాత్రం ఏ ఇంజన్‌కి ఆ మాన్యువల్ చూడమనే రాస్తా, కార్ల పంపుల్లో మూత సందు మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉంటుందని ఒక అందాజా ఇచ్చి.

కామెంట్:
బిగించేముందు రోటర్లకి ఆయిల్ పట్టించమని కూడా ఒక ముక్క వేయండి మాస్టారూ, పొడిగా పెడితే మొదటి స్టార్ట్‌లో పంపు ఆయిల్ లాగదు.