తాడికొండ మండలంలో కొత్త ఎస్జీటీని: వేసవి జీతం, హెచ్ఆర్ఏ, ఈఎల్స్ గురించి చెప్పగలరా?

కొత్త టీచర్, గుంటూరు:
అందరికీ నమస్కారం. మెగా డీఎస్సీ 2025లో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) సెలెక్ట్ అయ్యి, అక్టోబరులో తాడికొండ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. మేం ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. అంతకుముందు విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పేదాన్ని. అక్కడ వేసవి సెలవులిస్తే జీతం ఆగిపోయేది. మే నెల అద్దె ఎలా కట్టాలా అని మార్చి నుంచే టెన్షన్. ఇప్పుడు సెలవుల్లో పూర్తి జీతం వస్తుందా? గుంటూరులో అద్దె కడుతున్నా హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 10 శాతమే వేశారు, ఇది సరైనదేనా? రెవెన్యూలో ఉన్న మా మరిదికి ఏడాదికి 30 ఈఎల్స్ (ఆర్జిత సెలవులు), మాకు ఆరే అంటున్నారు. ఎందుకని?

హైస్కూల్ హెచ్ఎం, పల్నాడు:
అమ్మా, ముందుగా అభినందనలు. వేసవి జీతం గురించి బెంగ పెట్టుకోకండి. మనది వెకేషన్ డిపార్ట్‌మెంట్, అంటే వేసవి సెలవులుండే శాఖ, సెలవుల్లోనూ పూర్తి జీతం వస్తుంది. బేసిక్, డీఏ (కరువు భత్యం), హెచ్ఆర్ఏ ఏదీ తగ్గదు.

ఈఎల్స్ ఆరే ఎందుకంటే కారణం అదే. వేసవి సెలవులు వాడుకుంటాం కాబట్టి ఏడాదికి ఆరు మాత్రమే ఇస్తారు: జనవరి 1న మూడు, జూలై 1న మూడు ఖాతాలో పడతాయి. మీ మరిది మే ఎండల్లో కూడా ఆఫీసుకి పోవాల్సిందే కదా. టీచర్లకు ఊరికే సెలవులిస్తున్నారని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది, ఈ లెక్క వాళ్లకు తెలియదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. సెలవుల్లో ఎన్నికలకో జనగణనకో ట్రైనింగ్‌కో పిలిస్తే, ఆ రోజుల నిష్పత్తిలో అదనంగా ఈఎల్స్ వస్తాయి. ఉత్తర్వు కాపీ, హాజరు సర్టిఫికెట్ రెండూ ఆ రోజే తీసుకోండి. ఏళ్ల తర్వాత అడిగితే ఎవరి దగ్గరా దొరకవు. రిటైరయ్యేటప్పుడు మిగిలిన ఈఎల్స్‌కు డబ్బిస్తారు, కాబట్టి ఒక్క రోజునీ తేలిగ్గా వదలొద్దు.

హెచ్ఆర్ఏ బడి ఉన్న ఊరిని బట్టి వస్తుంది, మనం కాపురం ఉండే చోటును బట్టి కాదు. యాభై వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు 10 శాతం, గుంటూరు, విజయవాడ నగరాలకు 16. మీ బేసిక్ 32,670 మీద 3,267 సరిగ్గానే వేశారు. నగరంలో పనిచేస్తే 5,227 వచ్చేది. తేడా దాదాపు రెండు వేలు, పైగా రోజూ రానూపోనూ బస్సు ఖర్చు. పల్లె బళ్లకు వెళ్లేవాళ్లకు ఇది అన్యాయమనే నేను అంటాను. కానీ రూల్ అదే.

స్కూల్ అసిస్టెంట్, విజయవాడ:
హెచ్ఎం గారు అన్నీ చెప్పారు, సీఎల్స్ (క్యాజువల్ లీవులు) గురించి నేను చెప్తాను. మామూలు సీఎల్స్ 15, స్పెషల్ 7, ఆడవాళ్లకు ఇంకో 5. మొత్తం 27. డిసెంబరు 31 దాటితే మిగిలినవి పోతాయి, కూడబెట్టడం కుదరదు. ఆదివారాలు, పండగలు కలిపి వరుసగా పది రోజులు మించకూడదు.

మీకు ఇంక్రిమెంట్ ఏటా అక్టోబరు 1న. మొదటిది 920, అంటే బేసిక్ 33,590 అవుతుంది. ప్రమోషన్ రాకపోతే ఆరేళ్లకు స్పెషల్ గ్రేడ్, అంటే అదే పోస్టులో పై స్కేలు. పన్నెండేళ్లకు వచ్చే తర్వాతి స్కేలు దగ్గర మాత్రం పై పోస్టుకి కావాల్సిన అర్హతలు చూస్తారు. బీఎడ్ లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టండమ్మా. మా స్టాఫ్‌లో ఒక మేడం తర్వాత చూద్దాంలే అనుకుని, అక్కడే ఆగిపోయారు. పాపం, నెల నెలా నష్టమే.

కొత్త టీచర్, గుంటూరు:
చాలా థాంక్స్ సార్, మేడం. నాకు డీఎడ్, డిగ్రీ ఉన్నాయి, బీఎడ్ లేదు. ఈ ఏడాదే దరఖాస్తు చేస్తాను. ఇంకొక్క సందేహం: స్లిప్పులో సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) కింద పెద్ద మొత్తమే కట్ అయింది. అది వద్దనుకోవచ్చా?

హైస్కూల్ హెచ్ఎం, పల్నాడు:
కుదరదమ్మా. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లందరికీ బేసిక్, డీఏ కలిపి పది శాతం కట్ అవుతుంది. మీ ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరుతో లాగిన్ అయ్యి, ఆ డబ్బు ప్రతి నెలా ఖాతాలో పడుతోందో లేదో చూసుకోండి. పడకపోతే వెంటనే మీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు.